బ్లాక్ జాక్ అంత ఫీజు అడగడాన్ని మీరు ఎలా చదివారు?

కందుకూరు ప్రెస్సు:

అందరికీ నమస్కారం. ఒసాము తెజుకా గీసిన 'బ్లాక్ జాక్' కామిక్ చదివినవారు ఇక్కడ ఉంటే నాకు ఒక సంగతి చెప్పాలి.

మా అమ్మాయి చెన్నైలో చదువుతోంది. సెలవులకు వచ్చి వెళ్లేటప్పుడు ఇంగ్లీషు అనువాద సంపుటాలు కొన్ని ఇంట్లో వదిలి వెళ్లింది. జపాన్ పుస్తకాలు కుడి నుంచి ఎడమకు చదవాలని తనే చూపించింది. కందుకూరులో నాది చిన్న ప్రింటింగ్ ప్రెస్సు. శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, ఎన్నికలు వస్తే కరపత్రాలు. మూఢం రోజుల్లో శుభలేఖల పని ఉండదు కాబట్టి కౌంటరు దగ్గర కూర్చుని ఒకటి తెరిచాను. ఆ రాత్రి షట్టరు దించాక కూడా లోపల లైటు వేసుకుని చదువుతూనే ఉన్నాను.

చదవని వారి కోసం కొంచెం చెబుతాను. బ్లాక్ జాక్ అసలు పేరు హజమా కురో. చిన్నప్పుడు సముద్రపు ఒడ్డున పేలకుండా మిగిలిపోయిన బాంబులు పేలి తల్లీ కొడుకూ ఛిద్రమవుతారు. హోన్మా అనే డాక్టరు ఆ పిల్లవాడి శరీరాన్ని ముక్క ముక్కా కలిపి కుట్టి బతికిస్తాడు. తల్లి దక్కదు. అతని ముఖం మీద అడ్డంగా కుట్ల గీత ఉంటుంది, ఒక పక్క చర్మం వేరే రంగు, జుట్టు సగం తెలుపు. పెద్దయ్యాక మరెవరూ చేయలేని ఆపరేషన్లు చేస్తాడు. లైసెన్సు మాత్రం ఉండదు. అడిగే ఫీజు కోట్ల యెన్‌లలో ఉంటుంది.

మొదటి కథలో నాకు ఇబ్బంది కలగలేదు. ఒక కోటీశ్వరుడి కొడుకు కారు ప్రమాదంలో నుజ్జయిపోతాడు. వాడికి అవయవాలు కావాలని, ఏ పాపం తెలియని దర్జీ కుర్రవాడి మీద నేరం మోపి మరణశిక్ష వేయిస్తారు. బ్లాక్ జాక్ ఆ కోటీశ్వరుడి డబ్బే తీసుకుని, అతని కొడుకును బతికించకుండా దర్జీ కుర్రవాడికే ఆ కొడుకు ముఖం పెట్టి పంపిస్తాడు. చదివి లేచి నిలబడ్డాను. ఉన్నవాడి దగ్గర ఎంత తీసుకున్నా నాకు అభ్యంతరం లేదు.

ఇబ్బంది ఒక ముసలమ్మ కథ దగ్గర వచ్చింది. ఆమె ఎప్పుడూ కొడుకును డబ్బు అడుగుతూ ఉంటుంది. కొడుకూ కోడలూ విసిగిపోయి ఉంటారు. ఆ డబ్బు ఎక్కడికి పోతోందో వారికి తెలియదు. ఆ కొడుకు పసివాడిగా ఉన్నప్పుడు ఒక డాక్టరు చేసిన వైద్యానికి అయిన బాకీని ఆమె ఏళ్ల తరబడి తీరుస్తూ వచ్చింది. చివరి పైసా కట్టేసిన తర్వాత కుప్పకూలిపోతుంది. అప్పుడు బ్లాక్ జాక్ కొడుకుతో అంటాడు: బతికే అవకాశం చాలా తక్కువ, బతికిస్తే 3 కోట్ల యెన్‌లు ఇవ్వాలి, ఇస్తావా? జీవితాంతం కష్టపడైనా సరే కడతానంటాడు ఆ కొడుకు. నేను వినాలనుకున్న మాట అదే అంటాడు బ్లాక్ జాక్. మా అమ్మాయి ఆ పేజీ దగ్గర ఏడ్చానని చెప్పింది. నాకు కోపం వచ్చింది.

మా నాన్న పొగాకు రైతు. ఆయనకు గుండె ఆపరేషన్ అవసరమైనప్పుడు మాకు తెల్ల కార్డు లేదు. ఒక పెద్ద ఆసుపత్రిలో ముందు కౌంటరులో కడితేనే తేదీ ఇస్తామన్నారు. పొగాకు వేలం ఇంకా మొదలు కాలేదు. పొగాకు ఆరబెట్టే బ్యారన్ కొట్టంతో సహా మెట్ట పొలం అమ్మేశాం. కొన్నది మా వెనుక వీధి వారే. నాన్న ఇప్పటికీ ఆ డొంక దారిన నడవరు, చుట్టు తిరిగి వెళతారు. ఆయన ఆరోగ్యంగా ఉన్నారు, ఆ సర్జన్ చేతికి నేను రోజూ మనసులో దండం పెట్టుకుంటాను. కానీ ప్రాణం అంచున ఉన్న మనిషిని లోపల పెట్టుకుని బయట నిలబడ్డవారిని ధర అడగడం గొప్పతనం ఎలా అవుతుంది? ఈ పాత్రను ఇష్టపడకుండా ఉండలేకపోతున్నాను, ఈ ఒక్కటి మింగుడు పడడం లేదు. మీరు ఎలా చదివారో చెప్పండి.

ఒంగోలు మాంగా పాఠకుడు:

అన్నా, మీ ప్రశ్నకు నేరుగా సమాధానం చెప్పే వయసు నాకు లేదు. ఈ కథ ఎక్కడ, ఎప్పుడు పుట్టిందో చెబితే కొంత ఉపయోగపడవచ్చు.

'బ్లాక్ జాక్' 1973 నవంబరులో మొదలైంది, 'షోనెన్ ఛాంపియన్' అనే పిల్లల వారపత్రికలో. తెజుకాకు అప్పుడు 45 ఏళ్లు. సరిగ్గా అదే సమయంలో ఆయన పెట్టిన యానిమేషన్ సంస్థ ముషి ప్రొడక్షన్ దివాలా తీసింది. కొత్త తరం గీతలు వచ్చాయి, ఈయన కాలం అయిపోయిందని అందరూ అనుకుంటున్నారు. కొద్ది వారాలు నడిచి ఆగిపోవలసిన శీర్షిక 1978 దాకా వారం వారం వచ్చింది, ఆ తర్వాత 1983 వరకు అప్పుడప్పుడూ వచ్చింది. మొత్తం 240కి పైగా కథలు. ప్రతిదీ ఇరవై పేజీల చుట్టూ ఉంటుంది, దేనికదే పూర్తి. ఇంగ్లీషులో 17 సంపుటాలు ఉన్నాయి.

ఇక ఫీజు. జపాన్‌లో 1961కల్లా దేశంలో అందరికీ ఆరోగ్య బీమా వచ్చేసింది. ఏ వైద్యానికి ఎంత తీసుకోవాలో ప్రభుత్వమే పట్టిక వేస్తుంది, ఏ ఆసుపత్రికి వెళ్లినా అదే రేటు. 1973లోనే 70 ఏళ్లు దాటినవారికి వైద్యం ఉచితం చేశారు. ఆ సంవత్సరమే తెజుకా ఈ డాక్టరును తీసుకొచ్చాడు. అతనికి లైసెన్సు లేదు కాబట్టి ఆ బీమాకూ ఆ పట్టికకూ బయట ఉంటాడు. అక్కడి పాఠకుడికి ఆసుపత్రి బిల్లు రోజువారీ భయం కాదు. అందుకే 3 కోట్లు అనగానే వాళ్లు ఉలిక్కిపడి, ఇదేమి ప్రశ్న అని ఆలోచించి ఉంటారు. మన దగ్గర అలాంటి ప్రశ్న చూసి ఎవరూ ఉలిక్కిపడరు. మనకు తెలిసినవాళ్లెవరో తమ శక్తికి మించి కట్టి ఉంటారు. మీకు వచ్చిన కోపం సగం ఇక్కడి నుంచే వచ్చిందని నాకు అనిపిస్తోంది.

ఇంకొకటి. ఆ డబ్బు అతను తన సుఖానికి వాడుకోడు. మనుషులు పాడుచేయకుండా ఉండాలని దీవులు కొంటాడు. తన తల్లిని చంపిన బాంబులను సరిగా తొలగించకుండా వదిలేసిన వారిని వెతకడానికి కూడా ఖర్చు పెడతాడు. చాలా కథల్లో చివరికి ఫీజు వదిలేస్తాడు కూడా.

థియేటర్ సిస్టర్, నెల్లూరు:

అన్నగారూ, నేను నెల్లూరు పొగతోట ప్రాంతంలో ఒక నర్సింగ్ హోమ్‌లో ఆపరేషన్ థియేటర్ సిస్టర్‌ని. మా అబ్బాయి ఇంటర్ బైపీసీ. వాడు ఫోనులో చదువుతుంటే లాక్కుని నేను మొదలుపెట్టాను. డ్యూటీ దిగి వచ్చాక మళ్లీ ఆపరేషన్ల కథలు ఎందుకని మావారు అడుగుతారు. నాకు ఇవి చదివితే అలసట తీరుతుంది.

ఫీజు సంగతి చివర చెబుతాను. ముందు హోన్మా డాక్టరు కథ చెప్పాలి, ఎందుకంటే ఈ పుస్తకంలో నేను ఉన్న కథ అదే. ముసలివాడైపోయిన హోన్మా నుంచి బ్లాక్ జాక్‌కు ఒక పార్సిలు వస్తుంది. లోపల సున్నంలాంటి పొరతో కప్పబడిన కడ్డీ. పగలగొడితే ఆపరేషన్ కత్తి. చిన్నప్పుడు అతనికి చేసిన ఆపరేషన్లలో హోన్మా ఆ కత్తిని లోపలే మరిచిపోయాడు. చెప్పడానికి ధైర్యం చాలక ఏళ్లు గడిపి, ఇంకో ఆపరేషన్ పేరు చెప్పి మళ్లీ తెరిచి చూస్తే, శరీరమే కాల్షియంతో దానికి ఒర కట్టి పెట్టి ఉంది. ఆ పిల్లవాడి పేగులకు చిన్న గీత కూడా పడలేదు.

ఆ పేజీ దగ్గర నా చేతులు చల్లబడ్డాయి. బయటివారికి ఇది అద్భుతం. మాకు అది లెక్క. పొట్ట మూసే ముందు మాప్‌లు (రక్తం అద్దే గుడ్డలు), సూదులు, ఫోర్సెప్స్ అన్నీ లెక్కపెట్టడం మా పని. ట్రే దగ్గర నిలబడ్డ సిస్టర్ పైకి చెబుతుంది, కింద తిరిగే సిస్టర్ బోర్డు మీద రాసినదానితో సరిచూస్తుంది. ఒక్క మాప్ తక్కువ వచ్చినా సర్జన్ ఎంత పెద్దవాడైనా ఆగవలసిందే. బకెట్‌లో వెతుకుతాం, షీట్ల మడతల్లో వెతుకుతాం, చెప్పుల కింద అంటుకుందేమో చూస్తాం. మత్తు డాక్టరు గడియారం వైపు చూస్తుంటారు. అప్పటికీ కనబడకపోతే ఎక్స్‌రే మిషను తీసుకురమ్మంటాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో 19 అంశాలతో ఆపరేషన్ల చెక్‌లిస్టు ఇచ్చింది, అందులో ఈ లెక్క కూడా ఉంది. తెజుకా ఈ కథ గీసేనాటికి ఆ కాగితం లేదు. కానీ డాక్టరు చదువు చదివినవాడు కాబట్టి భయం ఎక్కడ ఉంటుందో ఆయనకు తెలుసు. ఆ కథలో హోన్మాను బ్లాక్ జాక్ బతికించలేడు. ఆపరేషన్ అంతా సరిగానే చేస్తాడు, వయసు మీద పడిన ప్రాణం మాత్రం నిలవదు. ప్రాణుల చావు బతుకులను మనిషి తన చేతిలోకి తీసుకోవాలనుకోవడం అహంకారం కాదా అని ఆ ముసలాయన అడిగే మాట మీకు గుర్తుండే ఉంటుంది. అది మా థియేటర్ గోడ మీద రాయించాలని నాకు ఉంది.

పినోకో గురించి మీరు రాయలేదు. ఒక పెద్దింటి అమ్మాయి కడుపులో పెద్ద గడ్డ ఉంటుంది. లోపల ఆమెతో కలిసి పుట్టవలసిన కవల శరీరం ముక్కలుగా ఉంటుంది. ఎవరు కత్తి ఎత్తినా ఆ గడ్డ అడ్డుకుంటుంది. నిన్ను చంపను అని మాట ఇచ్చి, బ్లాక్ జాక్ దాన్ని బయటికి తీసి, ఆ ముక్కలకు కృత్రిమ శరీరం అమర్చి పాపగా నిలబెడతాడు. ఆ పాపే పినోకో. తనకు పద్దెనిమిదేళ్లని, తాను డాక్టరు భార్యనని చెప్పుకుంటూ వంట చేస్తుంది, ట్రే అందిస్తుంది. డెర్మాయిడ్ గడ్డలు కోసినప్పుడు లోపల వెంట్రుకలు, పళ్లు నేను ఎన్నోసార్లు చూశాను. ఫార్మలిన్ సీసాలో వేసి చీటీ అంటించి ల్యాబ్‌కు పంపుతాం. అది జీవం కాదని నాకు తెలుసు. అయినా పినోకో కథ చదివాక సీసా మూత బిగించేటప్పుడు చేయి కొంచెం నెమ్మదిస్తోంది. అందరూ తీసి పారేసేదాని తరఫున కూడా ఒకడు మాట్లాడాడు, అందుకే నాకు ఈ డాక్టరు అంటే ప్రాణం.

ఇప్పుడు ఫీజు. థియేటర్ తలుపు తీసి బయటికి వచ్చి, సంతకం కావాలి, రక్తం కావాలి అని చెప్పేది నేనే. అప్పుడు బయట నిలబడ్డవారి ముఖాలు చూసేదీ నేనే. చిన్నపిల్లలైతే ఎవరూ ఏమీ లెక్క చూడరు. ఇంటి యజమానికైతే అప్పు చేసైనా తెస్తారు. ముసలి తల్లి అయితే మాత్రం, అందరి ఇళ్లలో కాదు, చాలా ఇళ్లలో మాట మారుతుంది. వయసైపోయింది కదా సిస్టర్, ఇంక ఆమెను కోయడం ఎందుకు అంటారు. అదే మాట ముసలి తండ్రి విషయంలో తక్కువగా విన్నాను. అన్నదమ్ములు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. మందులతో సరిపెట్టండి అంటారు. లోపల ఆమె చెవిన ఆ మాట పడుతూనే ఉంటుంది, మత్తు ఇంకా ఇవ్వలేదు.

ఆ జపాన్ కొడుకు అప్పటిదాకా తల్లి చేతి ఖర్చుకు కూడా సణుగుతూ ఉన్నవాడు. బ్లాక్ జాక్ అడిగింది వాడిని. మీరు పొలం అమ్మి, బ్యారన్ అమ్మి, మీ సమాధానం ఎప్పుడో చెప్పేశారు. ఆ ప్రశ్న మిమ్మల్ని అడిగింది కాదు అన్నగారూ. ఆ పేజీ చదివి మీరు కోపం తెచ్చుకోనక్కరలేదు.

కనిగిరి మాస్టారు:

సిస్టర్ గారు చెప్పినది బాగుంది. ఒక మాట మాత్రం చేర్చాలి. అమ్మడానికి పొలం ఉన్నవాడి గురించే ఇంతవరకు మాట్లాడుకున్నారు. నేను కనిగిరి ప్రాంతంలో స్కూలు టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. ఫ్లోరైడు నీళ్లు తాగి నడుము వంగిపోయిన మనుషుల మధ్య బతికినవాడిని. వారికి ఏ సర్జనూ లేడు, మంచి నీళ్లే మందు.

అమ్మడానికి ఏమీ లేనివారు ఎక్కడికి వెళ్లేవారంటే, ఊళ్లో ఉన్న ఆర్.ఎం.పి. దగ్గరికి. లైసెన్సు లేని డాక్టరు అనగానే పట్నంలో చదువుకున్న పిల్లలకు నల్ల కోటు, గాలికి ఎగిరే జుట్టు కనబడతాయేమో. నాకు కనబడేది సైకిలు హ్యాండిలుకు తగిలించిన సంచి, అందులో స్టెతస్కోపు, సూదులు మరిగించే స్టీలు డబ్బా. అర్ధరాత్రి తలుపు తడితే వచ్చేవాడు అతనే. పాము కాటుకు, కాన్పుకు, పిల్లల విరేచనాలకు మొదట చేయి వేసేవాడు అతనే. డబ్బు పంట మీద ఇచ్చేవారు, లేకపోతే సజ్జలో కందులో ఇచ్చేవారు. ప్రతి జ్వరానికీ సెలైను ఎక్కించి, అవసరం లేని ఇంజెక్షన్లు పొడిచి ప్రాణం మీదికి తెచ్చినవారినీ చూశాను. వెంటనే పట్నం పంపవలసిన కేసును రెండు రోజులు తన దగ్గరే ఉంచుకుంటే ఏమవుతుందో చూశాను. చదువు లేని చేయి చేసే హాని చిన్నది కాదు. బ్లాక్ జాక్ కథలో లైసెన్సు లేకపోయినా చెల్లుతుంది, ఎందుకంటే అతని చేయి ఎప్పుడూ తప్పదని తెజుకా ముందే హామీ ఇచ్చాడు. ఊళ్లో ఆ హామీ ఇచ్చేవారు లేరు.

ఈ రెండింటి మధ్య ఒక దారి వేసినవారు మన నెల్లూరులోనే ఉండేవారు. పుచ్చలపల్లి సుందరయ్య గారి తమ్ముడు డాక్టర్ రామచంద్రారెడ్డి గారు. నెల్లూరు ప్రజావైద్యశాలలో తక్కువ ఖర్చుకు వైద్యం చేశారు, పల్లెల నుంచి వచ్చిన కుర్రవాళ్లకు ప్రాథమిక వైద్యం నేర్పి తిరిగి పల్లెలకే పంపారు. ఏది చేయవచ్చో నేర్పడం ఒక ఎత్తు, ఏది చేయకూడదో, ఎప్పుడు పైకి పంపాలో నేర్పడం ఇంకో ఎత్తు. అలా నేర్చుకున్నవారిలో కొందరిని నేను ఎరుగుదును. చీటీ మీద తమ పేరు ముందు డాక్టరు అని రాసుకునేవారు కాదు.

ప్రెస్సు వారికి నా సమాధానం ఇది. మీ అభ్యంతరం న్యాయమైనది. దాన్ని వదులుకోకండి. పుస్తకాన్ని కూడా వదులుకోకండి.

హౌస్ సర్జన్, ఒంగోలు:

మాస్టారికి నమస్కారం. నైట్ డ్యూటీ మధ్యలో రాస్తున్నాను.

వైద్యపరంగా ఒక సంగతి. బ్లాక్ జాక్ ముఖం మీద ఉన్న వేరే రంగు చర్మం అతని స్నేహితుడు తకాషిది. ఆ అబ్బాయి తండ్రి నల్లజాతివాడు. తోటి పిల్లలు ఎవరూ ముందుకు రాకపోతే ఇతను తన చర్మం ఇస్తాడు. పెద్దయ్యాక రంగు సరిచేయించుకోమని చెప్పినా బ్లాక్ జాక్ ఆ చర్మాన్నే ఉంచుకుంటాడు. నిజానికి వేరే మనిషి చర్మం అలా శాశ్వతంగా నిలవదు, రెండు మూడు వారాల్లో శరీరం తిరస్కరిస్తుంది. కాలిన గాయాల వార్డులో దాత చర్మాన్ని తాత్కాలికంగా కప్పడానికే వాడతాం. తెజుకాకు ఇది తెలియదని అనుకోను. ఆయన ఒసాకాలో వైద్యం చదివి 1952లో పరీక్ష పాసయ్యాడు, 1961లో నారా వైద్య విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ తీసుకున్నాడు. నీటి నత్తల వీర్యకణాలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూసి రాసిన పరిశోధన అది. అంత చదివి కూడా తకాషి చర్మాన్ని నిలబెట్టాడంటే, ఆ రంగు ఆ ముఖం మీద ఉండాలని ఆయన నిర్ణయించుకున్నాడు. నేను దాన్ని తప్పు పట్టలేను.

నాకు అన్నిటికన్నా పెద్ద కథ డాక్టర్ కిరికోది. యుద్ధంలో సైనిక వైద్యుడిగా పనిచేసి, నరకం అనుభవిస్తున్నవారికి చావే వైద్యమని తేల్చుకున్నవాడు. ప్రమాదంలో కదలలేని స్థితికి వచ్చిన ఒక తల్లి, పిల్లలకు భారం కాకూడదని కిరికోను పిలిపించుకుంటుంది. పిల్లలు బ్లాక్ జాక్ దగ్గరికి వెళతారు. ఆపరేషన్ గెలుస్తుంది, తల్లి కోలుకుంటుంది. ఇంతలో కబురు వస్తుంది, ఆ తల్లీ పిల్లలూ వెళుతున్న వాహనానికి ప్రమాదం జరిగి అందరూ చనిపోయారని. కిరికో నవ్వుతూ వెళ్లిపోతాడు. అయినా సరే నేను మనుషులను బాగుచేస్తూనే ఉంటాను, నేను బతకడానికి, అని బ్లాక్ జాక్ అతని వెనుక నుంచి అరుస్తాడు. క్యాజువాలిటీలో ఒకరిని కాపాడి పంపాక, అదే మనిషి కొన్ని వారాలకు మళ్లీ బండి మీద నుంచి పడి వస్తే ఆ అరుపు నాకు వినిపిస్తుంది. డబ్బు గురించి కాదు ఆ అరుపు. ఫీజు లేకపోయినా అతను ఈ పని మానలేడు, అది ఆ ఒక్క పేజీలో బయటపడింది.

తెజుకా 1989 ఫిబ్రవరి 9న కడుపు క్యాన్సర్‌తో పోయాడు. జబ్బు పేరు ఆయనకు చెప్పలేదు. అప్పట్లో అక్కడ అదే ఆనవాయితీ. వైద్యం చదివిన మనిషికి, చావు గురించి అన్ని వందల పేజీలు గీసిన మనిషికి కూడా చెప్పలేదు. మంచం మీద కూడా పని చేయనివ్వమని అడుగుతూనే ఉన్నాడట. మా వార్డులో కూడా అంతే. రిపోర్టు చేతికి రాగానే కొడుకులు నన్ను వరండాలోకి పిలిచి, పెద్దాయనకు చెప్పకండి సార్ అంటారు. పెద్దాయన నా ముఖం చూసి అన్నీ తెలుసుకుంటారు. ఇది ఎలా చేయాలో మాకు ఏ పుస్తకంలోనూ గట్టిగా నేర్పలేదు.

కందుకూరు ప్రెస్సు:

అందరికీ చేతులెత్తి నమస్కారం. ఇంత రాస్తారనుకోలేదు.

జపాన్ బీమా సంగతి తమ్ముడు చెప్పాక కథ మళ్లీ చదివాను. అందరికీ సమానంగా వైద్యం అందే చోట అడిగిన ప్రశ్న అది. మన దగ్గర అదే ప్రశ్నను రోజూ కౌంటరు అడుగుతోంది, ఏ పాఠమూ నేర్పడానికి కాదు. కాబట్టి మాస్టారు చెప్పినట్టు నా అభ్యంతరం నేను ఉంచుకుంటాను. ఆ కొడుకు కడతానన్న తర్వాత తెజుకా కథ ఆపేశాడు. ఆ 3 కోట్లు అతను ఎలా కట్టాడో, ఏమి అమ్ముకున్నాడో కూడా ఇంకో ఇరవై పేజీలు గీసి ఉండవలసింది.

సిస్టర్ గారూ, తల్లుల గురించి మీరు రాసిన పేరాను మా ఆవిడకు చదివి వినిపించాను. ఆమె ఏమీ అనకుండా లోపలికి వెళ్లి వాళ్ల పెద్దన్నకు ఫోను చేసింది. మా అత్తగారు సింగరాయకొండలో ఉంటారు, డెబ్బై దాటాయి. రెండు మోకాళ్లూ అరిగిపోయాయి, మంచం దిగడానికి గోడ పట్టుకోవాలి. వేలం డబ్బు రానివ్వండి, పిల్లల ఫీజులు కట్టనివ్వండి అంటూ ముగ్గురు బావమరుదులూ వాయిదా వేస్తూ వచ్చారు. నేనూ అల్లుడిని కదా అని నోరు విప్పలేదు. ఇప్పుడు నలుగురం సమానంగా వేసుకుందామని చెప్పాను. పెద్ద బావమరిది ఒప్పుకున్నాడు, మిగతా ఇద్దరితో ఆదివారం మాట్లాడతాం. ఆమెకు సుగరు ఉంది. ఆ వయసులో మోకాలి ఆపరేషన్ చేయించవచ్చా? డాక్టరును ఏమేమి అడగాలి?

థియేటర్ సిస్టర్, నెల్లూరు:

వయసు అడ్డం కాదు అన్నగారూ. మా దగ్గర అంతకన్నా పెద్దవారికి కూడా చేస్తున్నారు. ముందు మూడు నెలల సుగరు సగటు పరీక్ష చేయించండి, అది అదుపులో లేకపోతే కుట్టు మానదు, చీము పట్టే ప్రమాదం ఉంది. అది సరిచేసుకుని వెళ్లండి. గుండెకు ఈసీజీ, ఎకో తీస్తారు. మూత్రంలో గానీ పళ్లలో గానీ ఇన్ఫెక్షన్ ఉంటే ముందే చెప్పండి, దాచవద్దు. రెండు కాళ్లూ ఒకేసారి చేస్తారా, విడివిడిగా చేస్తారా, ఆమె గుండెకు ఏది మంచిదో సర్జన్‌నూ మత్తు డాక్టరునూ ఇద్దరినీ అడగండి. ప్యాకేజీలో ఏవి కలిసి ఉన్నాయో, ఫిజియోథెరపీ, మందులు, వాకరు వేరుగా ఎంత అవుతాయో కాగితం మీద రాయించుకోండి. తర్వాత కింద కూర్చోకూడదు కాబట్టి ఇంట్లో కమోడ్ ముందే పెట్టించండి.

ఆపరేషన్ అయిన మర్నాడే నడిపిస్తారు, ఆమె నొప్పికి ఏడుస్తారు, అయినా ఆపకూడదు. ఇంటికి వచ్చాక కనీసం ఆరు వారాలు రోజూ వ్యాయామం చేయించే మనిషి పక్కన ఉండాలి. ఆదివారం డబ్బు లెక్కతో పాటు ఆ ఆరు వారాలు ఎవరి ఇంట్లో ఉంటారో, ఎవరు దగ్గర ఉంటారో కూడా తేల్చండి. అన్నిటికన్నా ముందు ఆమెను అడగండి, చేయించుకోవడం ఆమెకు ఇష్టమేనా అని. తేదీ ఖాయమైతే ఇక్కడ రాయండి, నెల్లూరులోనే అయితే నేను వచ్చి చూస్తాను.